ఓ గన్నర్ కోసం పాత అట్లాస్ సైకిలు: హన్మకొండ షెడ్డులో చేసిన పని

వాట్సాప్‌లో ముందు ఫొటోలు వచ్చాయి, తర్వాత ఫోన్ వచ్చింది. మధ్యకు మడిచే బీఎస్ఏ పారాట్రూపర్ సైకిలు ఒకటి. తోలు సంచులు వేలాడే స్విట్జర్లాండ్ ఆర్మీ సైకిలు ఇంకొకటి. మూడోది ఈ కాలపుదే, ఒళ్లంతా ఆకుపచ్చ మచ్చలు కొట్టి హ్యాండిల్ చివర తూటా డొల్లలు బిగించారు. "అన్నా, వీటిల ఏదన్న ఒకటి మా బాపు కోసం చేసియ్యాలె. ఆర్మీల చేసిండు. ఇప్పుడు డెబ్బై ఆరేండ్లు" అన్నది అవతలి ఆమె. హైదరాబాద్‌లో ఉద్యోగం, పుట్టిల్లు కాజీపేట.

లష్కర్ బజార్ దగ్గర మా నాయన పెట్టిన సైకిల్ షాపును ఇప్పుడు నేను నడుపుతున్నాను. పంచర్లు, ఓవర్‌హాలింగులు పగటి పని. పాత సైకిళ్లను మళ్లీ నిలబెట్టడం వెనక షెడ్డులో సాయంత్రాల పని. సిపాయి సేవకు గుర్తుగా సైకిలు కట్టమని అడిగేవాళ్లు ఈ మధ్య పెరిగారు. అందుకని ఈ ఒక్క ఆర్డరు ఎట్లా నడిచిందో, ఏది ఎందుకు చేశానో వివరంగా రాస్తున్నాను.

ఆమె పంపినవి మంచి సైకిళ్లే, కానీ వేరేవాళ్లవి. బీఎస్ఏ మడత సైకిలును రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పారాచూట్ దళాల కోసం చేశారు. చక్రాలు వంగకుండా ఉండాలని సీటు, హ్యాండిలు ముందు నేలకు తగిలేటట్టు తలకిందులుగా వేలాడదీసి దించేవారు. స్విస్ సైన్యం వాడింది 1905 నాటి మోడల్. దాన్ని పెద్దగా మార్చకుండా 1990ల దాకా లాక్కొచ్చారు. సైకిళ్ల మీద యుద్ధమంటే ఇంకా పెద్ద కథ మలయాది. 1941 డిసెంబరులో అక్కడ దిగి 1942 ఫిబ్రవరి 15 నాటికి సింగపూర్‌ను పట్టుకున్న జపాన్ సైనికుల్లో చాలామంది సైకిళ్లు తొక్కుకుంటూ వచ్చినవాళ్లే. చదువుకోవడానికి ఇవన్నీ బాగుంటాయి. 1968లో భర్తీ అయి, గోల్కొండ ఆర్టిలరీ (ఫిరంగి దళం) సెంటర్లో ట్రైనింగ్ చేసి, 1971లో తూర్పు సరిహద్దున ఇరవై అయిదు పౌండర్ ఫిరంగుల బ్యాటరీలో, అంటే కొన్ని ఫిరంగులుండే దళంలో, గన్నర్‌గా ఉండి, 1983లో పెన్షన్ మీద ఇంటికొచ్చిన మనిషికి మాత్రం వీటితో ఏ సంబంధమూ లేదు.

"బాపు అప్పుడు ఏ సైకిలు తొక్కిండ్రు?" అని అడిగాను.

"ఏముంటదన్నా, మామూలు సైకిలే కావచ్చు."

ఆ మామూలు సైకిలే కడతానని చెప్పాను. ఆమెకు కొంచెం చప్పగా అనిపించినట్టుంది. సర్‌ప్రైజ్ గిఫ్టుగా ఇవ్వాలన్న ఆలోచన కూడా మానుకోమన్నాను. తొక్కే మనిషి కాళ్ల పొడవు తెలియకుండా సైకిలు కట్టలేం కదా.

ఫొటో చెప్పింది

పెద్దాయన వచ్చారు. మనిషి పొట్టి, నడుము మాత్రం నిటారు. సర్వీసు తర్వాత చాలా ఏళ్లు ఒక బ్యాంకులో గార్డుగా చేశారట. జేబులోంచి పోస్టుకార్డు సైజు బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి బల్ల మీద పెట్టారు. బ్యారక్ గోడ ముందు సైకిలు పట్టుకొని నిలబడ్డ ఇరవై రెండేళ్ల కుర్రాడు.

ఇలాంటి పనికి ఫొటో ఒకటి దొరికితే సగం టెన్షన్ తగ్గుతుంది. భూతద్దం పెట్టి చూస్తే రాడ్ బ్రేకులు కనిపించాయి. ఫుల్ చైన్ కవరు, వెనక క్యారియరు, దాని కుడి పక్కన వేలాడే క్యాన్వాస్ సంచి, ముందు మడ్‌గార్డు మీద చిన్న రేకు పలక కూడా ఉన్నాయి. లైటు అద్దంలో పై సగం నల్లగా ఉంది. హ్యాండిల్ కింద హెడ్ గొట్టం మీది బ్యాడ్జి మసకబారింది గానీ, అది అట్లాస్ కంపెనీ సైకిలేనని పెద్దాయనే చెప్పారు.

"డాక్ తెచ్చేటోన్ని కొడుకా. ఆఫీసు నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నుంచి ఆఫీసుకు. టెలిఫోన్ డ్యూటీ లేనప్పుడు గదే పని."

రంగు దగ్గర కూతురికీ ఫొటోకీ పొత్తు కుదరలేదు. ఆర్మీ సైకిలంటే ఆకుపచ్చ అని ఆమె మనసులో ఉంది. ఫొటోలో చూస్తే సైకిలు ఆయన యూనిఫాం కంటే బాగా ముదురుగా ఉంది. నలుపే అయ్యుండాలి. ఇద్దరం ఆయన వైపు చూశాం.

"ఇచ్చినప్పుడు నల్లదే బిడ్డా. లడాయికి ముందు బండ్లకు రంగేసిండ్రు, దీనికీ ఏసిండ్రు. కుంచె తోటి. రింగులు, హ్యాండిలు, గంట, ఏదీ ఇడ్వలే."

"గంటకెందుకు బాపూ?"

"మెరుస్తది గద."

ఆ మాటతో నా పని తేలిపోయింది. నల్ల సైకిలు కట్టి, దాని మీద కుంచెతో ఆలివ్ గ్రీన్ వేయాలి. స్ప్రే వద్దు, నగిషీ గీతలు వద్దు, క్రోమియం మెరుపు వద్దు. రింగులకూ హ్యాండిల్‌కూ కొత్తగా నికెల్ క్రోమ్ ప్లేటింగ్ చేయించాలని నేను వేసుకున్న లెక్క కూడా కొట్టేశాను. ఆ ఒక్క ఖర్చే మూడు నాలుగు వేలు ఉండేది.

మెడల్స్ సంగతి కూడా అప్పుడే వచ్చింది. పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ రిబ్బన్ల రంగులు పై రాడ్డు మీద పెయింట్ చేయించాలని కూతురి కోరిక. ఆయన ఒప్పుకోలేదు. "మెడల్స్ ఇంట్ల ఉన్నయి. సైకిలుకెందుకు?" అన్నారు. ఆమె చిన్నబుచ్చుకుంది. నేను మధ్యలోకి పోలేదు. అయితే ఆయనే ఒకటి అడిగారు: సంచి కుడి పక్కనే ఉండాలి, బకిల్ పైకి చూడాలి. సైకిలు దిగకుండా, ఎడమచేతిని హ్యాండిల్ మీదే ఉంచి కుడిచేత్తో కాగితాలు తీసేవారట. ఈ ఒక్క మాట రాసిపెట్టుకున్నాను.

ఫ్రేమ్ సైజు పంచాయితీ

అట్లాస్ కంపెనీ 1951లో సోనీపత్‌లో మొదలైంది. సాహిబాబాద్‌లోని దాని చివరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం కూడా. పాత అట్లాస్‌లు మాత్రం మా ఊళ్లలో ఇంకా కనిపిస్తాయి, పాలు పోసేవాళ్ల దగ్గర, గొర్ల కాపరుల ఇళ్ల వెనక, పాత ఇనుప సామాను కొట్లలో. పరకాల వైపు ఒక పాలాయన దగ్గర ఫ్రేము, ఫోర్కు, చైన్ వీలు, హ్యాండిలు బాగున్నది దొరికింది. చక్రాలు, సీటు ఎప్పుడో పోయాయి.

అది ఇరవై రెండు అంగుళాల ఫ్రేము. పెద్దాయన సర్వీసులో తొక్కింది ఇరవై నాలుగు. "గదే కావాలె" అని పట్టుబట్టారు. ఇక్కడ మాత్రం నేను గట్టిగా నిలబడ్డాను. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాల మీద ఫ్రేము రెండు అంగుళాలు తగ్గితే పై రాడ్డు ఐదు సెంటీమీటర్ల దాకా కిందికి దిగుతుంది. కాగితం మీద అది చిన్న తేడానే. డెబ్బై ఆరేళ్ల మోకాలికి చాలా పెద్దది. మాటలతో ఒప్పించడం ఎందుకని, షాపులో ఉన్న ఇరవై నాలుగును, ఈ ఇరవై రెండును పక్కపక్కన పెట్టి రెండింటి మీదా కాళ్లు అటూ ఇటూ వేసి నిలబడమన్నాను. పెద్ద దాని మీద మునివేళ్లు ఆనాయి. చిన్నదాని మీద మడమలు పూర్తిగా నేలను తాకాయి.

"అప్పుడు ఎగిరి ఎక్కేటోన్ని."

"ఇప్పుడు ఎగరొద్దు బాపూ, ఆగినప్పుడు కాలు ఆనితే చాలు."

ఒప్పుకున్నారు, కొంచెం అలకతోనే. లేడీస్ ఫ్రేము సంగతి ఎత్తలేదు, ఎత్తితే ఆర్డరే పోయేది. సేవకు గుర్తుగా కట్టే సైకిళ్లు చాలావరకు హాల్లో గోడకు ఆనించి పెట్టే బొమ్మలైపోతాయి. కారణం చాలాసార్లు ఈ సైజే. పాతదానికి అచ్చుగుద్దినట్టు కడతారు, మనిషి మారిన సంగతి చూడరు. నా మటుకు పోలికలో రెండు అంగుళాలు పోయినా ఆయన తొక్కడమే ముఖ్యం. గేరు విషయంలోనూ అదే పాటించాను. ఫ్రేముతో వచ్చింది 44 పళ్ల చైన్ వీలు. వెనక చక్రానికి మామూలుగా పడే 18 పళ్ల ఫ్రీ వీల్ (చైను పట్టే పళ్ల చక్రం) బదులు 22 పళ్లది వేశాను. ఒక తిప్పుకు ముందుకు పోయే దూరం దాదాపు ఐదున్నర మీటర్ల నుంచి నాలుగున్నరకు తగ్గుతుంది. వేగం పోతుంది, తొక్కుడు తేలికవుతుంది. కాజీపేట బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఆ తేడా కాళ్లకు తెలుస్తుంది. పెద్ద ఫ్రీ వీల్ చైన్ కవరు వెనక మూతకు రాసుకుంటుంది కాబట్టి మూతను లోపలి నుంచి చిన్న సుత్తితో కొట్టి కొంచెం ఉబ్బించాల్సి వచ్చింది.

ఇనుము పని

పాత ఫ్రేము తీసుకునేటప్పుడు పై రంగు చూసి మోసపోకూడదు. నీళ్లు చేరేది పెడల్ యాక్సిల్ ఉండే గుండ్రటి షెల్ అడుగున. సీటు రాడ్డు తీసేసి, ఫ్రేమును తలకిందులు చేసి, గొట్టాల్లో కిరోసిన్ పోసి ఊపితే తుప్పు ఎంత రాలుతుందో తెలుస్తుంది. తర్వాత షెల్ చుట్టూ చిన్న సుత్తితో తట్టాలి. మంచి ఇనుము గట్టిగా పలుకుతుంది, తిన్నది మొద్దుగా పలుకుతుంది. ఇది గట్టిగానే పలికింది.

వంకర చూడటానికి దారం చాలు. వెనక చక్రం ఇరుసు పట్టే చీలిక దగ్గర దారం కట్టి, ముందుకు లాగి హెడ్ గొట్టం చుట్టూ తిప్పి, మళ్లీ రెండో వైపు చీలికకు తెచ్చి బిగించాలి. ఇప్పుడు సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఖాళీని రెండు వైపులా స్కేలుతో కొలవాలి. రెండూ ఒకటే ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. దీనికి ఎడమ వైపు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. పాల క్యాన్లు ఏళ్ల తరబడి ఒకే పక్కకు వేలాడితే ఇలాగే అవుతుంది. ఫ్రేమును పడుకోబెట్టి వెనక కాలును చేతులతోనే, కొంచెం కొంచెంగా, ప్రతి లాగుడు తర్వాత దారం పెట్టి చూసుకుంటూ సరిచేశాను. వేడి పెట్టలేదు. ఈ ఫ్రేముల్లో గొట్టాలను లగ్గుల్లోకి, అంటే అతుకుల దగ్గరి ఇనుప తొడుగుల్లోకి, దూర్చి ఇత్తడితో అతికారు. గ్యాస్ మంట చూపిస్తే అతుకు దగ్గర ఇనుము మెత్తబడుతుంది.

చక్రాలు కొత్తగా కట్టాను. ముందు 32, వెనక 40 పుల్లలు. రోడ్‌స్టర్లకు, అంటే ఇలాంటి మామూలు పెద్ద సైకిళ్లకు, ఇంగ్లిషువాళ్లు పెట్టిన పద్ధతి ఇది. బరువు వెనక పడుతుంది కాబట్టి పుల్లలూ వెనకే ఎక్కువ. మన దగ్గర రింగులు ఇప్పటికీ ఆ లెక్కలోనే దొరుకుతాయి. యూనిట్‌లో వేసినట్టు చక్రం మొత్తానికీ రంగు పూస్తే పుల్లలను రింగుకు బిగించే నిప్పిళ్లు రంగుతో బిగుసుకుపోతాయి, రేపు ఔట్ (చక్రం వంకర) తీయాల్సి వస్తే ఒక్కటీ తిరగదు. అందుకని రింగులకు ముందే రంగు వేసి, ఆరాక చక్రం కట్టాను. పుల్లలకు క్రోమ్‌వి కాకుండా మెరుపు లేని జింకు పూతవి ఎంచుకున్నాను. రాడ్ బ్రేకు రబ్బర్లు పట్టేది రింగు లోపలి వైపు, పుల్లలు దిగే ముఖం మీద. ఆ రెండు పట్టీలకు టేపు వేసి రంగు అంటకుండా చూశాను. అక్కడ రంగు ఉంటే మొదటి నెలలోనే ఊడి రబ్బరుకు అంటుకుంటుంది, బ్రేకు జారుతుంది.

ఇక కాటర్ పిన్నులు. ఈ కాలపు కుర్ర మెకానిక్కులకు వీటితో పెద్దగా పని పడదు. పెడల్ క్రాంకును (పెడల్ బిగించే కడ్డీని) ఇరుసుకు పట్టి ఉంచేది వేలంత పొడవున్న ఈ పిన్నే. దానికి ఒక వైపు ఏటవాలుగా చదును ఉంటుంది, ఆ చదును ఇరుసు మీది గాడిలో కూర్చోవాలి. షాపులో కొన్న పిన్ను నేరుగా సరిపోవడం అరుదు. ఆకురాయి పట్టి, రెండు తోపులు తోసి, పెట్టి చూసి, మళ్లీ తీసి తోయాలి. చదును మీద మెరిసే గీత ఎక్కడ పడిందో చూస్తే ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది, అక్కడే తోయాలి. రెండు పిన్నులకూ చదును ఒకే లోతులో రాకపోతే రెండు పెడళ్లు ఎదురెదురుగా ఉండవు. ఒకటి కాస్త ముందుకు పోతుంది, తొక్కేవాడికి ప్రతి తిప్పులోనూ చిన్న కుంటు తగులుతుంది. పిన్ను దించేటప్పుడు క్రాంకు కింద ఇనుప గొట్టం ముక్క నిలబెట్టి దెబ్బ వేయాలి. ఆధారం లేకుండా కొడితే ఆ దెబ్బ పోయి లోపలి గోళీల మీద, కప్పుల మీద పడుతుంది. పెడల్ ఇరుసుకు, వెనక హబ్బుకు పావు అంగుళం గోళీలు, ముందు హబ్బుకు అంతకంటే చిన్నవి, మూడు బై పదహారువి. అన్నీ కొత్తవే వేశాను. వీటి మీద పిసినారితనం పనికిరాదు.

బ్రేకు రాడ్లు పాతవే వాడాను. ఈ బ్రేకులో వైరు ఉండదు. చేతి లీవరు రాడ్డును లాగితే, చివర గుర్రపు నాడా ఆకారంలో ఉన్న కమ్మీ రబ్బర్లను రింగుకు హత్తిస్తుంది. వెనక దానికి మధ్యలో మలుపులు ఎక్కువ, ఒక్కో కీలు దగ్గర కొంచెం కొంచెం వదులు చేరి చివరికి లీవరు హ్యాండిల్‌ను తాకినా చక్రం ఆగదు. అందుకే వెనక బ్రేకును చక్రం వైపు నుంచి మొదలుపెట్టి ముందుకు బిగించుకుంటూ రావాలి. ఎంత బిగించినా వాన పడ్డప్పుడు ఈ బ్రేకు నమ్మదగ్గది కాదు. తడి రోడ్డు మీద సైకిలు తీయొద్దని పెద్దాయనకు ముందే చెప్పాను, కూతురికి ఇంకోసారి చెప్పాను.

రంగు

పాత రంగు గీకేసి, తుప్పు తీసి, రెడాక్సైడ్ కొట్టి, మీద నల్ల ఎనామిల్ వేశాం. పౌడర్ కోటింగ్ చేయిద్దామని షెడ్డులో కుర్రాడు అన్నాడు. గట్టిగా ఉండే మాట నిజమే గానీ, ఆ పూత మందానికి లగ్గుల అంచులు మొద్దుబారిపోతాయి. పాత ఫ్రేముకు అందమంతా ఆ అంచుల్లోనే ఉంది.

నలుపు బాగా ఆరాక నాలుగు వందల నంబరు నీటి కాగితంతో మెరుపు చంపి, ఆలివ్ గ్రీన్ మొదలుపెట్టాం. రంగుల షాపులో ఆలివ్ గ్రీన్ అని అడిగితే నాలుగు రకాలు ముందు పెడతారు. ఐఎస్ 5 (రంగులకు భారతీయ ప్రమాణం) షేడ్ కార్డు తీయించి 220 నంబరు చూపించాలి. మ్యాట్ ఎనామిల్, కొంచెం టర్పెంటైన్, ఒకటిన్నర అంగుళం కుంచె, ఒకే కోటు. మా ఎండలకు పది దాటితే కుంచె గీత గీతగానే ఆరిపోతుంది, అందుకని పొద్దున్నే చేశాం. కుంచె జాడ కనపడాలి, రంగు కారకూడదు. వినడానికి సులువే. స్ప్రే గన్నుకు అలవాటుపడ్డ చెయ్యికి మాత్రం ఇది కష్టం.

కూతురు వచ్చి చూసి, "కొంచెం పాతగ కనపడేటట్టు అక్కడక్కడ గీకుతరా అన్నా?" అని అడిగింది. సినిమా వాళ్లకు అలా చేసిచ్చే షాపులు ఉన్నాయి. నేను చేయనన్నాను. హ్యాండిల్ పట్టే చోట, పై రాడ్డు మీద తొడ రాసుకునే చోట ఆకుపచ్చ దానంతట అదే అరిగి కింద నలుపు తేలుతుంది, ఆ గీతలు పడాల్సింది ఆయన చేతుల్లోనే.

గంటకు కూడా వేశాం. రంగు పడ్డ గిన్నె ఎట్లా మోగుతుంది? ట్రింగ్ పోయి టక్ మిగిలింది. మార్చేస్తానంటే పెద్దాయన రెండుసార్లు నొక్కి చూసి, "అప్పుడూ గిట్లనే మోగేది" అని నవ్వారు.

వెనక మడ్‌గార్డు కింద తెల్ల పట్టీని మాత్రం ఆకుపచ్చలో కలపలేదు. మన సైకిళ్ల మీద కనిపించే ఆ తెలుపు 1930ల్లో ఇంగ్లండ్‌లో రాత్రి ప్రమాదాలు తగ్గించడానికి పెట్టిన నిబంధనతో వచ్చింది. దేశం మారినా, కంపెనీలు మారినా పోలేదు. దాని కింద ఎర్ర రిఫ్లెక్టరు కూడా బిగించాను. మెరుపు లేని ఆకుపచ్చ సైకిలు చీకట్లో లారీ డ్రైవరుకు కనపడదు.

లైటు ఆరు వోల్టుల డైనమోది. అద్దం పై సగానికి లోపలి నుంచి నల్ల రంగు పూశాం, 1971 బ్లాకవుట్ రోజుల్లో బండ్ల లైట్లకు పూసినట్టే. వెలుగు రోడ్డు మీదికే పడుతుంది, ఆకాశం వైపు పోదు.

పెట్టినవి, పెట్టనివి

మడ్‌గార్డు మీది పలకకు ఆర్టిలరీ రంగులు, ఎరుపు, ముదురు నీలం వేశాం. ఎరుపు పైన ఉండాలని పెద్దాయన చెప్పారు. దాని మీద ఏ నంబరు రాయాలని అడిగితే, "యూనిట్ నంబరు రోడ్ల మీద తిప్పుతరా?" అన్నారు. పలక ఖాళీగానే ఉంది.

తూటా డొల్లలు వద్దని నేనే చెప్పాను. ఎక్కడివని పోలీసులు అడిగితే షోకు కోసం పెట్టామని చెప్పుకోవడం ఎవరికి కావాలి? మూడు సింహాల గుర్తు కూడా వద్దన్నాను. 2005 నాటి చట్టం ప్రకారం జాతీయ చిహ్నాన్ని ఇష్టమొచ్చినట్టు వాడకూడదు. జెండా బొమ్మ కూడా వద్దన్నాను. ఆలివ్ గ్రీన్ సంగతి చాలామంది అడుగుతారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఆ రంగును రక్షణ శాఖ బండ్లకు కేటాయించింది. సైకిలు మోటారు బండి కాదు కాబట్టి దీనికి అడ్డు లేదు. బుల్లెట్ మోటారు సైకిలుకు అదే రంగు వేయమని వచ్చేవాళ్లను మాత్రం వెనక్కి పంపిస్తాను.

హెడ్ బ్యాడ్జి కోసం పెంబర్తి పోయాను. జనగామ దగ్గర, హైదరాబాద్ రోడ్డు మీదే ఉన్న ఊరు. అక్కడి ఇత్తడి రేకు పనికి 2010లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. అక్కడ గుళ్లకు తొడుగులు, తలుపులకు రేకులు చేస్తారు. సైకిలు బ్యాడ్జి అంటే ఆ పనాయన మొదట నవ్వాడు. అట్లాస్ పాత బ్యాడ్జిలో భూగోళాన్ని మోసే మనిషి ఉంటాడు. దాని బదులు ఫిరంగి కావాలి, అయితే రెజిమెంటు అధికారిక ముద్ర వద్దన్నాను. పెద్దాయన కాగితం మీద గీసిచ్చిన బొమ్మ ఇచ్చాను. ఆయన గీసింది ముందు గొట్టాన్ని కాదు, ఫిరంగి కింద ఉండే గుండ్రటి ప్లాట్‌ఫారాన్ని. ఇరవై అయిదు పౌండర్‌కు అది ప్రత్యేకం. చక్రాలు ఆ వలయం మీద ఎక్కితే తోకను మనుషులు ఎత్తి తిప్పి ఏ దిక్కుకైనా గురిపెట్టవచ్చు. "ఇది లేకపోతే అది మా గన్ను గాదు" అన్నారు.

పనాయన పల్చటి రేకును కాల్చి మెత్తబరిచి, లక్క మీద బోర్లా అతికించి, వెనక నుంచి మొద్దు ఉలులతో కొట్టుకుంటూ పోయాడు. తిప్పి చూస్తే వలయం ముందు పైకి లేచింది, తర్వాత చక్రం, ఆ తర్వాత గొట్టం. అంచులు మాత్రం ముందు వైపు నుంచి సన్న ఉలితో తేల్చాడు. బొటనవేలంత చోటులో మూడూ విడివిడిగా తెలిసేట్టు వచ్చాయి. హెడ్ గొట్టం లావు అంగుళంపావు. అదే లావు పైపు మీద పెట్టి బ్యాడ్జిని వంచి తీసుకొచ్చి, ఫ్రేములో ఉన్న పాత రంధ్రాలకే రెండు ఇత్తడి స్క్రూలతో బిగించాను. దానికి రంగు వేయలేదు, పాలిష్ కూడా పెట్టలేదు. ఈ సైకిలు మీద పాత ఫొటోలో లేని అలంకారం ఇదొక్కటే. కూతురి కోసం పెట్టింది, ఆమెకు నచ్చింది కూడా.

సంచిని వరంగల్‌లో టార్పాలిన్లు కుట్టే ఆయన చేశాడు. బకిల్ పైకి చూసేట్టు కుట్టడానికి ఆయనతో కొంత వాదించాల్సి వచ్చింది. వాన నీళ్లు లోపలికి పోతాయని ఆయన బాధ. చివరికి బకిల్ మీదికి వచ్చేలా చిన్న మడత పెట్టాడు.

ఖర్చు ఇరవై రెండు వేల చిల్లర అయింది. ఫ్రేము, రింగులు, టైర్లు, గోళీలు, సీటు లాంటి సామాను కలిపి అందులో సగం కంటే తక్కువే. మిగతాది కూలీ, పెంబర్తి పని. ఇదే డబ్బుకు షాపులో గేర్ల సైకిలు వస్తుందని ఎవరైనా అంటే, వస్తుంది, నిజమే.

తొక్కాక తేలినవి

పెద్దాయన రోజూ పొద్దున కాజీపేట రైల్వే కాలనీ రోడ్ల మీద తొక్కుతున్నారు. డైనమో చక్రానికి ఆనితే తొక్కుడు బరువవుతోందని దాన్ని వెనక్కి మడిచి పెట్టేశారు. పొద్దున్నే కదా, లైటుతో పని లేదు. కొత్త కాటర్ పిన్నులు కొన్నాళ్లు తొక్కాక సర్దుకొని వదులవుతాయి. పెడల్ దగ్గర టిక్కు టిక్కుమంటే ఆగకుండా తీసుకురమ్మని ముందే చెప్పి పంపాను. ఎడమ దానికి అట్లాగే జరిగింది. మళ్లీ దించి నట్టు బిగించాను. ఆ శబ్దాన్ని పట్టించుకోకుండా తొక్కితే పిన్నుతో పాటు క్రాంకు రంధ్రం కూడా కోలగా అరిగిపోతుంది, అప్పుడు క్రాంకే మార్చాలి. వానాకాలం తర్వాత సర్వీసుకు వచ్చినప్పుడు రింగుల్లో టేపు వేసి వదిలిన పట్టీల మీద సన్నగా తుప్పు కనిపించింది. అరగదీసి, బ్రేకు రబ్బర్లు మార్చాను. హ్యాండిల్ కుడి గ్రిప్పు పక్కన ఆకుపచ్చ అప్పుడే అరగడం మొదలైంది.

పోయేటప్పుడు సీటు ఒక అంగుళం లేపమన్నారు. మోకాలు బాగా మడుచుకుంటోందట, అంటే తొక్కుడు కుదిరిందన్నమాట. కిందికి దిగినప్పుడు మడమ ఆనుతుందో లేదో చూసి అర అంగుళం లేపాను. మిగతా అర అంగుళం దసరా తర్వాత చూద్దామన్నాను.